సముద్రం మీద ఆకాశం ఖాళీగా లేదు

విశాఖ నుంచి యారాడకు మామూలుగా వెళ్ళే దారి సింధియా కూడలి మీదుగా. కొండ ఎక్కి, మలుపులు తిరిగి, అవతలి వైపు దిగితే ఊరు, కొబ్బరి చెట్లు, ఆ వెనక సముద్రం. మూడు వైపులా కొండలే. ఉత్తరాన డాల్ఫిన్స్ నోస్, దాని అవతల విశాఖ ఓడరేవు. దక్షిణాన గంగవరం ఓడరేవు, దానికి లోపలగా ఉక్కు కర్మాగారం. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే ఆర్కే బీచ్ ఇక్కడికి పది కిలోమీటర్ల లోపే. రోడ్డు మీద దానికి దాదాపు రెట్టింపు తిరగాలి.

కొండ అడ్డం, ఎదురుగా నీళ్ళు. తక్కువ ఎత్తులో ఎగిరే వాహనాల గురించి ఆలోచించేవాళ్ళకు ఇంతకన్నా అనువైన చోటు కనిపించదు. డ్రోన్లు, హెలికాప్టర్లు, నీటి మీద దిగే సీప్లేన్లు, బ్యాటరీతో నిలువునా లేచే ఎయిర్ ట్యాక్సీలు, వీటన్నిటినీ కలిపి చైనా ఒక ఆర్థిక రంగంగానే గుర్తించింది. 2023 డిసెంబరులో ఆ దేశ ఆర్థిక విధాన సమావేశం దాన్ని వ్యూహాత్మక పరిశ్రమల జాబితాలో చేర్చింది. మన దేశంలో డ్రోన్లకు 2021లో, సీప్లేన్లకు 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి. అదే 2024లో ఎయిర్ ట్యాక్సీలు దిగే వర్టిపోర్టులకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మార్గదర్శకాలు ఇచ్చింది. యంత్రాల సంగతి ఇంజనీర్లు చూసుకుంటున్నారు. అవి ఎక్కడ దిగాలి, ఏ దారిన పోవాలి, వాటి కింద ఎవరుండాలి అనేవి మాత్రం నగర ప్రణాళిక ప్రశ్నలు. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఆ ప్రశ్నలకు మొదట వచ్చే జవాబు ఒక్కటే: నీళ్ళ మీదికి తొయ్యండి. నది ఒడ్డు, రేవు, బీచ్.

ఈ జవాబుకు కారణాలున్నాయి. నీటి మీద మేడలుండవు కాబట్టి దిగే దారికీ లేచే దారికీ అడ్డు ఉండదు. యంత్రం చెడితే ఇళ్ళ మీద పడదు. చప్పుడు కొంత నీళ్ళ మీదే పోతుంది. ఇంకో కారణం పైకి అంతగా చెప్పరు. వర్టిపోర్ట్ ఎక్కడ పెట్టినా దాని ముందు వాలుగా పైకి లేచే గాలి దారిని ఖాళీగా ఉంచాలి. ఆ దారి నగరం మీదుగా పోతే కింద స్థలాలున్నవాళ్ళు అంతస్తులు తగ్గించుకోవాలి. నీటి మీదుగా పోతే ఏ స్థల యజమానీ కోర్టుకెళ్ళడు. ఈ లెక్క అంతా నీరు ఖాళీ స్థలం అన్న నమ్మకం మీద నిలబడింది. విశాఖ తీరంలో ఆ నమ్మకం చెల్లదన్నది నా వాదన. యారాడలో అసలే చెల్లదు.

విశాఖ తీరం విమానాన్ని కొత్తగా చూడటం లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు సముద్రం మీద నుంచి వచ్చి ఇక్కడి ఓడరేవు మీద బాంబులు వేశాయి. జనం ఊరు ఖాళీ చేసి పల్లెలకు పారిపోయారు. ఆ జ్ఞాపకాన్ని మూడు తరాలుగా ఈ ప్రాంతపు ఇళ్ళల్లో చెప్పుకుంటూనే ఉన్నారు. గాల్లోంచి చూడటం వల్ల ఈ తీరానికి మేలు కూడా జరిగింది. భీమిలి దారిలో తొట్లకొండ మీది బౌద్ధ ఆరామం ఆనవాళ్ళు, స్థావరం కోసం నౌకాదళం చేసిన వైమానిక సర్వేలో, 1970లలో బయటపడ్డాయి. కొండ మీద స్తూపం, చైత్యాలు, విహారం ఉన్నాయని తేలాకే ఆ నేల పురావస్తు స్థలమైంది. తీరం మీద ఒక నిర్ణయాన్ని గాల్లోంచి చూసిన చూపు మార్చిన మొదటి ఉదాహరణ మనకు అదే.

తర్వాత నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా వచ్చింది. 1991 నుంచి ఆ పేరుతో ఉంది. విశాఖ పౌర విమానాలు దిగేది కూడా అక్కడే. దాంతో విశాఖలో ఒక మేడ ఎంత ఎత్తు లేవాలో నగర పాలక సంస్థ ఒక్కటే తేల్చదు. విమానాశ్రయం చుట్టూ ఇరవై కిలోమీటర్ల వరకు ఎత్తు మీద ఆంక్షలుంటాయి, ఇక్కడ ఆ అనుమతి నేవీ నుంచి రావాలి. బీచ్ రోడ్డు మీద అపార్ట్‌మెంట్ల ఎత్తు, డాల్ఫిన్స్ నోస్ చుట్టూ ఎవరినీ రానివ్వని కొండ అంచులు, వీటి వెనక చాలాభాగం ఆకాశం లెక్కే ఉంది. తక్కువ ఎత్తు విమానయానం తీరాన్ని మార్చబోతోందని ఇప్పుడు రాస్తున్నారు గానీ విశాఖలో అది ఎప్పుడో మార్చేసింది. కాకపోతే ఆ మార్పు భద్రత పేరుతో వచ్చింది, ఎవరూ దాన్ని ప్రణాళిక అని పిలవలేదు.

బీచ్ రోడ్డునే చూడండి. 2002 నుంచి కురుసుర జలాంతర్గామి ఒడ్డున మ్యూజియంగా ఉంది. 2017లో దానికి ఎదురుగా టీయూ-142 వచ్చింది, సముద్రం మీద గంటల తరబడి తిరిగి జలాంతర్గాముల్ని వెతికిన విమానం. తర్వాత సీ హారియర్. జలాశ్వ నౌకతో పాటు వచ్చి పదిహేడేళ్ళు పనిచేసి 2024లో సేవ ముగించిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్‌కు కూడా అక్కడే చోటిచ్చారు. దేశంలో మరే నగర తీరంలోనూ ఇన్ని విమానాలు ఇంత దగ్గర దగ్గరగా నిలబడి లేవనుకుంటాను. పిల్లలు వాటి లోపలికి వెళ్ళి చూస్తారు, సాయంత్రం బజ్జీల బండి దగ్గరికొస్తారు. ఎగరడం మానేసిన విమానాలు తీరానికి ఒక మంచి బహిరంగ స్థలాన్ని ఇచ్చాయి. ఎగిరేవి ఏమిస్తాయో, ఏం తీసుకుంటాయో తేల్చుకోవలసి ఉంది.

ఎగిరేవాటిని నేవీ డే విన్యాసాలప్పుడు విశాఖ జనం చూస్తూనే ఉంటారు. ఆర్కే బీచ్‌లో ఇసక వేస్తే రాలనంత జనం, నెత్తిమీద హెలికాప్టర్లు, కమాండోలు తాళ్ళు పట్టుకుని దిగడం. ఆ ఒక్క సాయంత్రం కోసం రోడ్లు మూస్తారు, పడవల్ని ఆపుతారు, డ్రోన్లు నిషేధిస్తారు. ఏడాదికి ఒకటి రెండు సార్లు కాబట్టి అందరూ ఇష్టంగా సర్దుకుంటారు. రోజుకు ఇరవై సార్లయితే ఎవరు సర్దుకోవాలన్నది ప్రశ్న.

నిబంధనలు ఏం చెబుతున్నాయో చూద్దాం. 2021 డ్రోన్ నియమాలు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడదీశాయి. ఆకుపచ్చలో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయపు హద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగులే. అదే ఏడాది నౌకాదళం తన స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల మేర డ్రోన్లను నిషేధించింది. యారాడకు విమానాశ్రయం కొలిస్తే పది కిలోమీటర్ల లోపే, పక్క కొండే నౌకాదళానిది. పెళ్ళి వీడియో కోసం బీచ్‌లో డ్రోన్ లేపే కుర్రాళ్ళకు ఈ సంగతి తెలియాలి. ఇక నేల మీదికొస్తే 1991, 2011, 2019 తీర నియంత్రణ ప్రకటనలున్నాయి. అవి ప్రధానంగా పోటు గీత నుంచి ఎన్ని మీటర్ల దూరంలో ఏం కట్టొచ్చో చెబుతాయి. అంటే గాలికి రక్షణ శాఖ లెక్క, నేలకు పర్యావరణ శాఖ లెక్క. రెండూ కలిసే చోట, అంటే ఒడ్డు మీది మొదటి వంద మీటర్ల గాలిలో, చప్పుడు ఎవరికి, నీడ ఎవరికి, లాభం ఎవరికి అని అడిగే పత్రం ఏదీ లేదు. నగర మాస్టర్ ప్లాన్ ఆ పని చెయ్యాలి.

ప్రపంచంలో ఈ దారిన ముందు నడిచిన నగరాల అనుభవం మనకు పనికొస్తుంది. న్యూయార్క్‌లో ఈస్ట్ నది ఒడ్డున ఆరో నంబరు రేవులో 1960లో హెలిపోర్ట్ పెట్టారు. అప్పుడా ఒడ్డున గోదాములు, సరుకు రేవులు. తర్వాతి దశాబ్దాల్లో సరుకు పోయింది, ఒడ్డు పార్కులైంది, ఎదుటి ఒడ్డున బ్రూక్లిన్ బ్రిడ్జ్ పార్కు వచ్చింది. జనం నీటి దగ్గరికి తిరిగొచ్చేసరికి నీటి మీద పర్యాటక హెలికాప్టర్ల మోత ఉంది. పోట్లాట ఏళ్ళ తరబడి సాగి, 2016లో నగరం ఆ పర్యాటక సర్వీసుల్ని సగానికి తగ్గించింది, ఆదివారాలు ఆపించింది. 2025 ఏప్రిల్ 10న అదే రేవు నుంచి లేచిన హెలికాప్టర్ హడ్సన్ నదిలో కూలి అందులోని ఆరుగురూ చనిపోయారు. హెలిపోర్ట్ పెట్టినప్పుడు నీరు ఖాళీ అనుకోవడంలో తప్పు లేదేమో, కానీ ఒడ్డు ఎప్పటికీ అలాగే ఉంటుందని అనుకోవడం తప్పయింది.

పారిస్ కథ మరీ దగ్గరిది. 2024 ఒలింపిక్స్‌కు సెన్ నదిలో ఆస్టర్లిట్జ్ దగ్గర ఒక బార్జి మీద వర్టిపోర్ట్ పెట్టి ఎయిర్ ట్యాక్సీలు తిప్పాలనుకున్నారు. కేంద్ర ప్రభుత్వం సరేనంది, పారిస్ నగర పాలక సంస్థ కాదంది. ఈలోగా ఆ ట్యాక్సీలు నడపాల్సిన వోలోకాప్టర్ కంపెనీ యంత్రానికి ప్రయాణికుల్ని ఎక్కించుకునే ధ్రువపత్రం రాలేదు. నది మీద ఎగరకుండానే ఒలింపిక్స్ ముగిశాయి, ఏడాది చివరికి ఆ కంపెనీ దివాలా ప్రకటించింది. నగరం వద్దన్నది కేంద్రం ఇచ్చినా నిలవదని కొందరు, కొత్తదాన్ని నగరాలు అడ్డుకుంటాయని కొందరు దీని నుంచి పాఠాలు తీస్తున్నారు. నాకు కనిపించేది వేరు. ఆ బార్జి ఏ నగర ప్రణాళికలోనూ పుట్టలేదు, ఒక ఉత్సవం కోసం పుట్టింది.

అహ్మదాబాద్ మనకు ఇంకా దగ్గర. సబర్మతి నదీతీరాన్ని కాంక్రీటు మెట్లతో, నడక బాటలతో తీర్చిదిద్దిన తర్వాత, 2020 అక్టోబరు 31న అక్కడి నుంచి కెవాడియాలోని ఐక్యతా విగ్రహానికి సీప్లేన్ సర్వీసు మొదలైంది. నది మీద తేలే జెట్టీ కట్టారు, టెర్మినల్ కట్టారు. విమానం మాత్రం మాల్దీవుల నుంచి తెచ్చింది, మరమ్మతుకు మళ్ళీ అక్కడికే పోవాలి. 2021 ఏప్రిల్ తర్వాత సర్వీసు లేదు. కట్టడం మనది, యంత్రమూ మెకానిక్కూ మరెక్కడివో అయినప్పుడు తీరం మీద మిగిలేది కట్టడమే.

మన రాష్ట్రంలో ఈ రెండేళ్ళ ఉత్సాహం ఎక్కువగా కృష్ణా నది ఒడ్డున కనిపించింది. 2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సదస్సు సందర్భంగా విజయవాడ పున్నమి ఘాట్ మీద 5,500కు పైగా డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి, గిన్నిస్ రికార్డులు వచ్చాయి. నవంబరు 9న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, కేంద్ర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు అదే ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌లో వెళ్ళారు. ఈ రెండూ వేలమంది చూశారు. నా దృష్టిలో వీటికన్నా గొప్ప సంఘటన అంతకు ముందు సెప్టెంబరులో జరిగింది. బుడమేరు వరదలో సింగ్ నగర్ లాంటి చోట్ల పడవ కూడా చేరలేని ఇళ్ళకు డ్రోన్లతో అన్నం పొట్లాలు, నీళ్ళు, మందులు పంపారు. మేడ మీద నిలబడి రెండు చేతులతో పొట్లం అందుకున్నవాళ్ళకు తక్కువ ఎత్తు విమానయానం ఎందుకో ఎవరూ వివరించనక్కర్లేదు.

సీప్లేన్ సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. ప్రకాశం బ్యారేజీ వెనక నీరు నిలకడగా ఉంటుంది, శ్రీశైలం జలాశయమూ అంతే. ట్విన్ ఆటర్ లాంటి చిన్న విమానానికి అలాంటి నీరే కావాలి. కెరటం విరిగే యారాడ ఒడ్డున అది దిగలేదు. ఓడరేవు లోపలి నీరు నిలకడే గానీ అక్కడ సరుకు ఓడలు, టగ్గులు, యుద్ధనౌకలు, చేపల మరబోట్లు తిరుగుతుంటాయి. విశాఖకు సీప్లేన్ అన్న మాట విన్నప్పుడల్లా ఏ నీటి మీద అని అడగాలి.

విశాఖ తీరం మీద అసలు ఒత్తిడి భోగాపురం నుంచి వస్తోంది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ అంతర్జాతీయ విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. జీఎంఆర్ కడుతోంది. పౌర విమానాలు డేగా నుంచి అక్కడికి తరలిపోతే గాజువాక, ఉక్కునగరం, ఓడరేవు ప్రాంతాల వాళ్ళకు విమానాశ్రయం పక్క వీధి నుంచి పొరుగు జిల్లాకు పోయినట్టే. యారాడ నుంచి భోగాపురానికి నేరుగా కొలిస్తే 40 కిలోమీటర్ల పైనే, మధ్యలో నగరమంతా దాటాలి. ఎయిర్ ట్యాక్సీ కంపెనీలకు ఇంతకన్నా మంచి లెక్క దొరకదు. 2024 ఫిబ్రవరిలో చైనాలో ఆటోఫ్లైట్ సంస్థ షెంజెన్‌లోని షెకో ఓడరేవు నుంచి నీటి మీదుగా జుహాయికి మనుషులు లేకుండా ఎగిరి చూపించింది, 50 కిలోమీటర్ల పైచిలుకు దూరం, 20 నిమిషాలు. రోడ్డు మీద రెండు మూడు గంటల దారి. విశాఖలో దాదాపు ఇదే దూరం, ఇదే ఆకారం: ఇవతల రేవు, అవతల విమానాశ్రయం, మధ్యలో తీరం.

అయితే ఎయిర్ ట్యాక్సీలో నలుగురే పడతారు. ఒక్క మామూలు జెట్ విమానంలో 180 మంది దిగితే వాళ్ళందరినీ గాజువాక చేర్చడానికి 45 సార్లు ఎగరాలి. అన్ని సార్లు ఎగిరే యంత్రాలకు ఒడ్డున మెగావాట్ స్థాయి చార్జింగ్ కావాలి, నిలిపే చోటు కావాలి, అగ్నిమాపక ఏర్పాట్లు కావాలి. అవన్నీ తీరంలో అత్యంత విలువైన నేల మీదే రావాలి. దిగే దారి సముద్రం మీద కాబట్టి మేడల వాళ్ళకు ఇబ్బంది ఉండదు, బీచ్‌లో నడిచేవాళ్ళకూ వేటకెళ్ళేవాళ్ళకూ ఉంటుంది. జోబీ సంస్థ ఎయిర్ ట్యాక్సీ 500 మీటర్ల ఎత్తులో పోతుంటే కింద 45 డెసిబెల్సే వినిపించిందని నాసాతో కలిసి 2022లో చేసిన కొలతలు చెప్పాయి. మంచి సంగతే, హెలికాప్టర్‌తో పోలిస్తే చాలా తక్కువ. కానీ అది దాటిపోయేటప్పటి లెక్క. వర్టిపోర్ట్ పక్కన ఉండేవాళ్ళు వినేది లేచేటప్పటి, దిగేటప్పటి చప్పుడు. భోగాపురం చేరడానికి మెట్రో, తీర రహదారి, పాత రైలు మార్గం, ఇవి తేల్చకుండా ఎయిర్ ట్యాక్సీకి తీరం నేల కేటాయించడం తొందరపాటు.

ఇప్పుడు యారాడ దగ్గరకే వద్దాం. నీరు ఖాళీ కాదన్నాను. ఇక్కడి నీటి మీద ఎవరున్నారు? తెల్లారకముందే వేటకెళ్ళే జాలర్లున్నారు. తీరం నుంచి దూరంగా పోయాక వాళ్ళకు దిక్కు చెప్పేవి కొండలే. ఏ కొండ వెనక ఏ కొండ శిఖరం కనిపిస్తే ఏ రాతి మీద చేప దొరుకుతుందో పెద్దవాళ్ళకు కళ్ళతోనే లెక్క. జీపీఎస్ వచ్చినా డాల్ఫిన్స్ నోస్ వాళ్ళ దృష్టిలోంచి పోలేదు. రెండు ఓడరేవుల ఓడలు సముద్రంలో లంగరు వేసి వరస కోసం ఎదురు చూస్తుంటాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఈ ఇసక ఎక్కి గుడ్లు పెడతాయి. విశాఖ తీరంలో అటవీ శాఖ వాటి గుడ్లను ఏరి సంరక్షణ కేంద్రాల్లో పొదిగిస్తుంది. గుడ్డులోంచి బయటపడ్డ పిల్లలు వెలుతురు ఉన్న వైపుకు నడుస్తాయి. చీకటి సముద్రం మీద మెరుపే వాటి దారి. ఒడ్డున రాత్రంతా దీపాలు వెలిగే రన్‌వే లాంటిది పెడితే అవి ఊళ్ళోకి నడుస్తాయి. ఎండబెట్టిన చేపల మీదికి గద్దలు, కాకులు వస్తాయి. తక్కువ ఎత్తులో తిరిగే రెక్కలకు పక్షి కన్నా పెద్ద శత్రువు లేదు. పక్షుల్ని తగ్గించాలని చేపలు ఎండబెట్టడం మానమని ఊరి ఆడవాళ్ళకు చెబుతారా? చెబుతారనే నా భయం.

రెక్కల గాలికి ఇసక ఎగిరి యంత్రాల్లోకి పోతుంది, ఉప్పు గాలి లోహాన్ని తింటుంది. వీటికి ఇంజనీర్లు ఏదో ఒక ఉపాయం చూస్తారు. తుపానుకు ఉపాయం తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, విమానాలు రోజుల తరబడి ఆగిపోయాయి. తీరానికి లోపలగా ఉన్న టెర్మినల్‌కే ఆ గతి పడితే ఒడ్డు మీద కట్టే తేలికపాటి వర్టిపోర్ట్ సంగతి ఊహించుకోవచ్చు.

అలాగని యారాడకు ఆకాశం అక్కర్లేదని కాదు. ఎగిరే వాహనాల పని ఇక్కడ ఎక్కువ, స్వారీల అవసరం తక్కువ. ఈ బీచ్‌లో స్నానానికి దిగి కెరటాలకు కొట్టుకుపోయినవాళ్ళ వార్తలు వస్తూనే ఉంటాయి. గట్టు మీది గజ ఈతగాడికి తోడుగా, తేలే ట్యూబును నిమిషంలో మనిషి మీద వదిలే డ్రోన్ ఉంటే ప్రాణం దక్కే అవకాశం పెరుగుతుంది. అది నౌకాదళపు నిషేధిత పరిధికి ఆనుకుని ఎగరాలి కాబట్టి ముందుగానే ఒప్పందం కుదరాలి, ప్రమాదం జరిగాక ఫోనులో అడిగితే కుదరదు. వేటలో ఇంజన్ ఆగిపోయిన పడవను వెతకడానికి, తుపాను హెచ్చరిక అందని పడవను తీరానికి పిలవడానికి కూడా ఇదే సాధనం. కొండ దారి తెగితే ఊళ్ళోంచి రోగిని తీసుకెళ్ళే హెలికాప్టర్ దిగడానికి ఒక గట్టి నేల కావాలి. అది ఇసక మీద కాకుండా ఊరి వెనక, పోటు గీతకు దూరంగా ఉండాలి. మిగతా రోజుల్లో పిల్లలు ఆడుకునే మైదానంగా ఉంటే చాలు.

ఇసక కొలత కూడా డ్రోన్ పనే. తీరం వెంట ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది. 1970లలో విశాఖ బయటి రేవు గోడలు కట్టాక ఆ ప్రవాహం అక్కడ ఆగిపోయి, ఆర్కే బీచ్ కోతకు గురవుతూ వచ్చింది. ఓడరేవు ఏటా ఇసక తవ్వి పైపుల ద్వారా ఆ బీచ్ మీద పోయిస్తుంది. ఎంత పోసింది, ఎంత నిలిచింది, ఎంత పోయింది అని నెలకోసారి గాల్లోంచి కొలిస్తే ఆ లెక్క అందరికీ కనపడుతుంది. యారాడ నుంచి భీమిలి దాకా అలాంటి కొలత ఒకటి మొదలుపెట్టి, పటాలను జనానికి అందుబాటులో పెట్టడం ఎయిర్ ట్యాక్సీ కన్నా వందరెట్లు చౌక. విశాఖ తీర ప్రణాళికకు అది వందరెట్లు ఉపయోగం.

విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) మాస్టర్ ప్లాన్‌లో నేల ఉపయోగాల పటం పక్కన ఒక గాలి పటం కూడా ఉండాలని నేను కోరుకుంటున్నాను. నౌకాదళం తన పరిధి చెబుతుంది, అది మారదు. దాని బయట మిగిలిన గాలిలో మొదటి వాటా రక్షణ, వైద్యం, తుపాను పనులకు. తర్వాత కొలతలకు, చేపలవేటకు. భోగాపురం ప్రయాణాలకు ఆ తర్వాత. జాయ్ రైడ్‌లకు అన్నిటికన్నా చివర. తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే వేట నిషేధం ముగిసి పడవలు ఒక్కసారిగా నీటిలోకి దిగే రోజుల్లో ఏ దారులు మూసి ఉంచాలో తేదీలతో రాయాలి. ఆ పటం గీసే గదిలో పోర్టు, నేవీ, విమానయాన శాఖల అధికారులతో పాటు యారాడ, పెద జాలరిపేట, భీమిలి మత్స్యకార సంఘాల పెద్దలు కూర్చోవాలి. వర్టిపోర్ట్‌కు టెండరు పిలవకముందే కూర్చోవాలి.